ఆపద్ధర్మానికి అర్హత

మనిషి నడవడికి నియమాలు విధించిన ధర్మశాస్త్రాలు, ఆ నియమాలను యథాతథంగా పాటిస్తే వినాశమే మిగిలే కాలం ఒకటి వస్తుందని కూడా ముందే గుర్తించాయి. మహాభారతంలోని శాంతిపర్వం రాజధర్మాన్ని విస్తారంగా చెప్పిన తరువాత ఆపద్ధర్మానికి ప్రత్యేకంగా ఒక భాగాన్ని కేటాయించింది. ప్రాణానికో రాజ్యానికో సమాజానికో ముప్పు ముంచుకొచ్చినప్పుడు, మామూలు రోజుల్లో నిషిద్ధమైన పనిని చేయడానికి శాస్త్రం ఇచ్చే పరిమితమైన అనుమతిని ఆపద్ధర్మం అంటారు. ఈ అనుమతి ఎవరికి ఉంటుంది, ఎంతవరకు చెల్లుతుంది, ఎప్పుడు ముగుస్తుంది అనే మూడు ప్రశ్నలు పూర్వం రాజులను, ఋషులను వేధించాయి. నేడు ఆర్థిక సంక్షోభం వచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు కేంద్ర బ్యాంకు అధిపతి ముందు నిలుస్తున్నాయి. 2003 నుంచి 2013 వరకు భారతీయ రిజర్వు బ్యాంకుకు వరుసగా గవర్నర్లుగా పనిచేసిన ఇద్దరు తెలుగువారు, యాగా వేణుగోపాలరెడ్డి, దువ్వూరి సుబ్బారావు, తమ నిర్ణయాల ద్వారా ఆ ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలను కలిపి చదివితే ఒక సూత్రం దొరుకుతుంది: ఆపదలో నియమాన్ని సడలించే అర్హతను, ఆపద లేని రోజుల్లో దానిని కఠినంగా పాటించినవారే సంపాదించుకుంటారు.

ఈ విచారణకు విశాఖపట్నంలోని వన్ టౌన్ తగిన ఆవరణ. రేవు ముఖద్వారం పక్కనే ఒకదాని చెంత ఒకటిగా నిలిచిన మూడు కొండల మీద వేంకటేశ్వరస్వామి ఆలయం, ఇస్‌హాక్ మదీనా పేరుతో పిలుచుకునే దర్గా, రాస్ హిల్ చర్చి ఉన్నాయి. కొద్ది దూరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి ఉంది. 1933లో ఆధునిక ఓడరేవు ప్రారంభం కావడానికి ముందు కూడా ఈ తీరం నుంచి సరుకు సముద్రం దాటేది. ఓడ క్షేమంగా తిరిగి వచ్చాక హిందువులైన ఓడ యజమానులు దర్గాలో చిన్న వెండి దోనెలు సమర్పించేవారని బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలు నమోదు చేశాయి. కనకమహాలక్ష్మి గర్భాలయానికి పైకప్పు ఉండదు. మార్గశిర గురువారాల్లో బారులు తీరే భక్తులు ఏ మధ్యవర్తీ లేకుండా తమ చేతులతోనే అమ్మవారికి పూజ చేసుకుంటారు. సంపద ఏ ఒక్కరి చూరు కిందా కుదురుగా ఉండేది కాదని, దాని రాకపోకలు మనిషి అదుపును మించినవని ఎరిగిన వర్తక సమాజం, ఆ అనిశ్చితిని భరించడానికి భక్తిని, మాట నిలకడను, పరస్పర విశ్వాసాన్ని ఆశ్రయించింది. ఆధునిక బ్యాంకు వ్యవస్థ కూడా చివరికి నిలబడింది ఆ విశ్వాసం మీదనే.

బ్యాంకు రెండు మాటలు ఒకేసారి ఇస్తుంది. డిపాజిటుదారుకు, అడిగిన క్షణంలో సొమ్ము తిరిగి ఇస్తానంటుంది. అదే సొమ్మును అప్పుగా తీసుకున్న మరపడవ యజమానికి, ఏళ్ల తరబడి వాయిదాల్లో తీర్చవచ్చునంటుంది. కురుపాం మార్కెట్లోని వెండి వర్తకుడు, రేవులోని కళాసీ, పింఛనుదారు, అందరూ ఒకే రోజు వచ్చి తమ సొమ్ము అడగరన్న అంచనా మీద ఈ రెండు మాటలూ పొసగుతాయి. ఆ అంచనా తప్పిన రోజున, ఇచ్చిన అప్పులన్నీ మంచివే అయిన బ్యాంకు కూడా కూలిపోవచ్చు; ఎందుకంటే బ్యాంకు పోతుందన్న భయంతో జనం సొమ్ము తీసుకోవడమే బ్యాంకు పోవడానికి కారణమవుతుంది. ఇక్కడ రెండు స్థితులను వేరుచేసి చూడాలి. ఆస్తులు అప్పుల కన్నా ఎక్కువగా ఉన్నా చేతిలో రొక్కం లేకపోవడం నగదు కొరత; ఉన్న ఆస్తులన్నీ అమ్మినా అప్పులు తీరకపోవడం దివాలా. సంక్షోభం నడుస్తున్న గంటల్లో ఈ రెండింటి మధ్య గీత ఎవరికీ స్పష్టంగా కనిపించదు. అయినా ఆ గీత ఎక్కడుందో ఊహించి నిర్ణయం తీసుకోవలసిన బాధ్యత ఒకరిపై పడుతుంది.

ఆ బాధ్యత వహించే సంస్థ లేని కాలాన్ని కోస్తా ప్రజలు చూశారు. విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో భాగంగా ఉన్న రోజుల్లో, 1906 అక్టోబరులో, మద్రాసులోని అర్బత్‌నాట్ అండ్ కంపెనీ కూలిపోయి వేలాది కుటుంబాల పొదుపును తుడిచిపెట్టింది. దాని అధిపతి సర్ జార్జి అర్బత్‌నాట్‌కు జైలు శిక్ష పడింది. శిక్ష న్యాయాన్ని నిలిపింది కాని డిపాజిటుదారుల సొమ్మును తిరిగి తేలేకపోయింది. నమ్మదగిన దేశీయ బ్యాంకులు కావాలన్న ఆకాంక్ష ఆ దెబ్బతో బలపడి, 1907లో మద్రాసులో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తెలుగునాట 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు. బ్యాంకులన్నిటికీ వెనుక నిలిచే రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న పని మొదలుపెట్టింది. ఇతరులెవరూ అప్పు ఇవ్వడానికి ముందుకు రాని రోజున అప్పు ఇచ్చేది అన్న అర్థంలో దానిని చిట్టచివరి రుణదాత అంటారు. ఈ పాత్రకు నియమాలు చెప్పినవాడు ఆంగ్ల రచయిత వాల్టర్ బేజెట్. 1866 నాటి లండన్ సంక్షోభాన్ని చూసిన ఆయన 1873లో ప్రచురించిన ‘లొంబార్డ్ స్ట్రీట్’ గ్రంథంలో, భయం వ్యాపించినప్పుడు కేంద్ర బ్యాంకు ధారాళంగా అప్పు ఇవ్వాలని, అయితే మంచి పూచీకత్తు మీద, ఎక్కువ వడ్డీకి ఇవ్వాలని వాదించాడు.

ఇందులో దాగిన నైతిక సమస్య రాస్ హిల్ చర్చికి వచ్చే విశ్వాసులకు లూకా సువార్తలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం ద్వారా సుపరిచితం. ఆస్తిలో తన వాటాను దుబారా చేసి తిరిగి వచ్చిన చిన్న కొడుకును తండ్రి అక్కున చేర్చుకుని విందు చేస్తాడు. ఏనాడూ మాట జవదాటని పెద్ద కొడుకు ఆ విందుకు రావడానికి నిరాకరిస్తాడు. ఆర్థికశాస్త్రం నైతిక ప్రమాదం అని పిలిచేది ఆ పెద్ద కొడుకు ఆక్షేపణనే: తెగించి నష్టపోయినవాడిని ఆదుకుంటే, నష్టం వస్తే ఎవరో ఒకరు భరిస్తారన్న ధీమాతో రేపు మరికొందరు తెగిస్తారు. ఉపమానంలోని తండ్రికీ కేంద్ర బ్యాంకు గవర్నరుకూ ఒక ముఖ్యమైన తేడా కూడా ఉంది. తండ్రి తన ఇంటి దూడను కోసి విందు చేశాడు. గవర్నరు చూపే కరుణకు అయ్యే ఖర్చు ఆయన సొంతం కాదు. అవసరాన్ని మించి సృష్టించిన డబ్బు ధరల పెరుగుదలగా మారినప్పుడు, జాగ్రత్తగా దాచుకున్న పెద్ద కొడుకు పొదుపు విలువే కరిగిపోతుంది. సొంత సొమ్ముతో చేసే క్షమ పుణ్యం కావచ్చు. ఇతరుల సొమ్ముకు ధర్మకర్తగా ఉన్నవాడు చేసే క్షమకు పుణ్యం అన్న సమర్థన చాలదు, దానికి వేరే ఆధారం కావాలి.

ఆ ఆధారం ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుడి వృత్తాంతంలో దొరుకుతుంది. కురుదేశం పంటలు నాశనమై కరువులో చిక్కుకున్నప్పుడు, ఆ పండితుడు ఏనుగులవారి గ్రామంలో ఒకడు తింటున్న గుగ్గిళ్లను చూసి తనకూ పెట్టమని అడుగుతాడు. అతడు తన ఎంగిలి తప్ప మరేమీ లేదంటే ఆ ఎంగిలినే తీసుకుని తింటాడు. తరువాత తాగడానికి నీళ్లు ఇవ్వబోతే మాత్రం, ఎంగిలి నీళ్లు తాగనంటాడు. తిన్న గుగ్గిళ్లు ఎంగిలివి కావా అని ఆ ఇంటివాడు అడిగినప్పుడు, వాటిని తినకపోతే బతికేవాడిని కానని, నీళ్లయితే కోరినచోట దొరుకుతాయని ఉషస్తి సమాధానమిస్తాడు. ఆపద్ధర్మపు సరిహద్దును ఇంత కచ్చితంగా గీసిన సందర్భం మరొకటి అరుదు. అనుమతి ప్రాణం నిలుపుకోవడానికి అవసరమైనంతవరకే చెల్లుతుంది. ఒక నియమం సడలిందన్న కారణంతో పక్కనున్న నియమం దానంతట అది సడలిపోదు. సడలించినవాడు తాను చేసినది సాధారణ ధర్మమని చెప్పుకోడు. శాంతిపర్వంలో పన్నెండేళ్ల కరువులో కుక్కమాంసానికి చేయి చాచిన విశ్వామిత్రుడు కూడా, బతికి ఉంటేనే ధర్మాన్ని ఆచరించగలనని వాదించాడు కాని ఆ ఆహారాన్ని పవిత్రమని కీర్తించలేదు. కేంద్ర బ్యాంకు భాషలోకి తెస్తే, నగదు కొరతలో ఉన్న బ్యాంకుకు పూచీకత్తు మీద ఇచ్చే అప్పు ఉషస్తి తిన్న గుగ్గిళ్ల వంటిది. దివాలా తీసిన యజమానుల నష్టాన్ని ప్రజలపైకి బదలాయించడం ఆయన నిరాకరించిన నీళ్ల వంటిది.

ఈ సరిహద్దును ఆపద వచ్చాక గీయడం కష్టం. ముందే గీసి ఉంచిన వ్యక్తి వేణుగోపాలరెడ్డి. కడప జిల్లాలో పుట్టిన ఆయన, 1991లో విదేశీ చెల్లింపుల సంక్షోభం వచ్చినప్పుడు కేంద్ర ఆర్థికశాఖలో సంయుక్త కార్యదర్శిగా ఉండి, దిగుమతులకు విదేశీ మారకం నిండుకున్న దేశం తన బంగారాన్ని తాకట్టు పెట్టవలసి రావడాన్ని లోపలి నుంచి చూశారు. ఆ జులైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారాన్ని పూచీగా పెట్టి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల నుంచి రుణం తెచ్చింది. బంగారాన్ని లక్ష్మీ స్వరూపంగా భావించి, గత్యంతరం లేనప్పుడే గడప దాటించే సమాజానికి అది లెక్కల్లో ఇమడని అవమానం. 2003 సెప్టెంబరులో గవర్నరు అయినప్పుడు దేశంలో పరిస్థితి పూర్తిగా తలకిందులై ఉంది: విదేశీ పెట్టుబడులు వెల్లువెత్తాయి, రుణాలు వేగంగా పెరిగాయి, ఇళ్ల స్థలాల ధరలు ఎగిశాయి. ఆ సమృద్ధిలోనే ఆయన పగ్గాలు బిగించారు. బ్యాంకులు తమ డిపాజిట్లలో రిజర్వు బ్యాంకు వద్ద తప్పక ఉంచవలసిన భాగాన్ని, అంటే నగదు నిల్వల నిష్పత్తిని, 4.5 శాతం నుంచి విడతలు విడతలుగా 2008 ఆగస్టు నాటికి 9 శాతానికి చేర్చారు. ఒక రుణానికి ఎదురుగా బ్యాంకు ఎంత సొంత మూలధనం ఉంచుకోవాలో నిర్ణయించే కొలతను రిస్కు వెయిట్ అంటారు. వాణిజ్య స్థిరాస్తి రుణాల విషయంలో దానిని రెండు విడతల్లో 100 నుంచి 150 శాతానికి పెంచారు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారన్న విమర్శ అప్పట్లో బలంగా వినిపించింది. నివారించిన విపత్తు ఎవరి కంటికీ కనిపించదు కనుక, సమృద్ధి కాలంలో నిగ్రహం చూపినవాడికి మెప్పు దక్కడం అరుదు.

2008 సెప్టెంబరు 5న గవర్నరు పదవి సుబ్బారావుకు వచ్చింది. ఏలూరులో పుట్టి, విజయనగరం సమీపంలోని కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి డాక్టరేటు పొందిన ఆయన బాధ్యతలు స్వీకరించిన పది రోజులకే, సెప్టెంబరు 15న, అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. ఒకరినొకరు నమ్మలేక ప్రపంచమంతటా బ్యాంకులు అప్పు ఇవ్వడం ఆపేశాయి. భారతదేశంలోనూ రొక్కం బిగుసుకుపోయింది. అక్టోబరు 11 నుంచి రిజర్వు బ్యాంకు నగదు నిల్వల నిష్పత్తిని 9 శాతం నుంచి 7.5 శాతానికి, మరికొద్ది రోజుల్లోనే 6.5 శాతానికి, 2009 జనవరి నాటికి 5 శాతానికి దించింది. బ్యాంకులకు తాను స్వల్పకాలానికి ఇచ్చే అప్పుపై వడ్డీని, అంటే రెపో రేటును, 2009 ఏప్రిల్ నాటికి 9 శాతం నుంచి 4.75 శాతానికి తగ్గించింది. మ్యూచువల్ ఫండ్ల కోసం బ్యాంకులకు ప్రత్యేక నగదు సదుపాయం కల్పించింది. ఇవన్నీ కలిపి వ్యవస్థకు అందుబాటులోకి తెచ్చిన నగదు 5.6 లక్షల కోట్ల రూపాయల మేర, స్థూల దేశీయోత్పత్తిలో 9 శాతం దాకా ఉంటుందని రిజర్వు బ్యాంకు లెక్కగట్టింది. ఇంత వేగంగా ఇంత సొమ్మును విడుదల చేయగలగడానికి కారణం, విడుదల చేయడానికి నిల్వ ఉండటమే. ఒకరి నిగ్రహం మరొకరి ఔదార్యానికి మూలధనమైంది. ఇద్దరూ కలిసి ఒకే ధర్మాన్ని రెండు భాగాలుగా నెరవేర్చారు.

సంక్షోభంలో సొమ్ముతో సమానంగా పనిచేసేది మాట. 2008 సెప్టెంబరు చివరలో ఐసీఐసీఐ బ్యాంకు గురించి వదంతులు వ్యాపించి కొన్ని చోట్ల ఏటీఎంల ముందు జనం చేరినప్పుడు, ఆ బ్యాంకు వద్ద తగిన నగదు ఉందని, ఖాతాదారుల అవసరాలకు సరిపడా రొక్కం అందేలా ఏర్పాట్లు చేశామని రిజర్వు బ్యాంకు సెప్టెంబరు 30న ప్రకటించింది, అలజడి సద్దుమణిగింది. అధికారంలో ఉన్నవాడు ధైర్యం చెప్పడానికి ఎంతవరకు మాట్లాడవచ్చు అన్నది పాత ప్రశ్న. ద్రోణపర్వంలో ధర్మరాజు అశ్వత్థామ మరణం గురించి అర్ధసత్యం పలికిన క్షణంలో, అప్పటివరకు నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నిలిచిన ఆయన రథం నేలను తాకిందని కథ. ఆ మాట పనిచేసింది, ద్రోణుడు నమ్మాడు. నమ్మడానికి కారణం ధర్మరాజు జీవితమంతా సత్యం పలకడమే. జీవితకాలపు విశ్వసనీయతను ఒక్క ప్రయోజనానికి ఖర్చు చేస్తే అది మళ్లీ కూడదు. కేంద్ర బ్యాంకు అధిపతి అసత్యంతో ఒక సంక్షోభాన్ని ఆపగలడేమో, రెండోదాన్ని ఆపలేడు. రిజర్వు బ్యాంకు ఆనాటి ప్రకటన ధర్మబద్ధంగా నిలవడానికి, మాట వెనుక నిజంగా రొక్కం ఉండటమే కారణం.

ఆపద్ధర్మంలో అన్నిటికన్నా కఠినమైనది ముగింపు. ఆపద ఎప్పుడు తీరిందో చెప్పే గంట ఏదీ మోగదు. సడలింపు వల్ల సుఖపడుతున్నవారు అది ఇంకొంతకాలం కొనసాగాలని కోరుతూనే ఉంటారు. 2010, 2011 సంవత్సరాల్లో టోకు ధరల ద్రవ్యోల్బణం 9 శాతం పరిసరాలకు చేరింది. రిజర్వు బ్యాంకు 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు వరకు 13 సార్లు రెపో రేటు పెంచి 8.5 శాతానికి తెచ్చింది. వృద్ధి దెబ్బతింటుందని ప్రభుత్వంలోని పెద్దల నుంచే అసంతృప్తి వ్యక్తమైంది. ఆ బిగింపు ఇంకా ముందే, ఇంకా వేగంగా మొదలై ఉండవలసిందని, తరువాత సవరించిన గణాంకాలు చూస్తే అలా అనిపిస్తుందని సుబ్బారావు 2013లో పదవి ముగియబోతున్న రోజుల్లో బహిరంగంగా ఒప్పుకున్నారు. నిర్ణయం తీసుకునేటప్పుడు ఉన్న సమాచారం వేరు, తీర్పు చెప్పేటప్పుడు ఉన్న సమాచారం వేరు అని ఆయన చేసిన వివరణలో నిజముంది. అంతకన్నా ముఖ్యమైనది, ఫలితానికి తాను జవాబుదారీనని ఆయన అంగీకరించడం. ఫలాసక్తి లేకుండా కర్మ చేయమన్న గీతోపదేశాన్ని ఫలితంతో నిమిత్తం లేదన్న మాటగా తీసుకుంటే, అది పాలకుల చేతిలో బాధ్యత తప్పించుకునే సాకు అవుతుంది. తనకు కలిగే కీర్తినో నిందనో లెక్కచేయకుండా, ఇతరులకు కలిగే ఫలితాన్ని మాత్రం తప్పక లెక్కచేయమన్న అర్థంలో తీసుకుంటేనే అది పదవిలో ఉన్నవారికి దారి చూపుతుంది.

ఎవరి ఆపద ఆపదగా లెక్కకు వస్తుంది అన్న ప్రశ్న కూడా మిగిలి ఉంది. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మరుణ సంస్థల నుంచి ఒకేసారి అనేక అప్పులు తీసుకున్న పేద మహిళలు వారం వారం వాయిదాల ఒత్తిడికి నలిగిపోయారు. ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో రాష్ట్ర ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రంలో వసూళ్లు దాదాపు నిలిచిపోయి, ఆ సంస్థలకు అప్పులిచ్చిన బ్యాంకులకూ చిక్కు వచ్చింది. రిజర్వు బ్యాంకు నియమించిన మాలెగాం సంఘం 2011 జనవరిలో నివేదిక ఇచ్చి, వడ్డీకి 24 శాతం గరిష్ఠ పరిమితి సూచించింది. తరువాతి నిబంధనల్లో అది 26 శాతంగా అమలైంది. దర్గా కొండ కింద వినిపించే ఖురాను, అప్పు తీసుకున్నవాడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వమని రుణదాతను ఆదేశిస్తుంది. ఆ ఆదేశం పెద్ద బ్యాంకుల విషయంలో ఆధునిక రాజ్యాలకు వెంటనే గుర్తుకు వస్తుంది. చిన్న రుణగ్రహీతల విషయంలో ప్రాణాలు పోయాక గుర్తుకు వస్తుంది. ఒక బ్యాంకు పడిపోతే వందల సంస్థలు పడతాయి కనుక దానిని ముందుగా ఆదుకోవాలన్న వాదన కార్యకారణ దృష్టితో సరైనదే. అయితే ఒకరిని ఆదుకోవడానికి వారి పరిమాణమే కారణమైతే, ఆ కారణం ధర్మం నుంచి పుట్టినది కాదని, నిస్సహాయత నుంచి పుట్టినదని ఒప్పుకుని, పరిమాణం అంతగా పెరగకుండా ముందే చూడవలసిన బాధ్యతను కూడా అంగీకరించాలి.

కాబట్టి కేంద్ర బ్యాంకు అధిపతిని అంచనా వేసేటప్పుడు మంటలు ఆర్పిన రోజును మాత్రమే చూడటం సరికాదు. సమృద్ధిలో ఆయన ఎంత నిల్వ చేశారు, ఆపదలో అవసరానికి మించకుండా ఎంత ఇచ్చారు, ఆపద తీరాక ఎంత త్వరగా మామూలు నియమానికి తిరిగి వచ్చారు, చేసినదానికి ప్రజల ముందు ఎలా జవాబు చెప్పారు అన్న నాలుగు పరీక్షలూ కలిసి ఉండాలి. ఈ పరీక్షల్లో సమాజానికీ పాత్ర ఉంది. ధరలు ఎగబాకుతున్న స్థలాల మీద సులభంగా అప్పు దొరికే రోజుల్లో పగ్గాలు బిగించే గవర్నరును నిందించి, అదే అప్పు మునిగిన రోజున రక్షించమని ఆయననే వేడుకునే ప్రజలు ఆపద్ధర్మంలో ఒక సగాన్నే కోరుతున్నట్టు. ఉపవాసాన్ని, వ్రతాన్ని, రంజాన్ నిగ్రహాన్ని, లెంటు దినాల నియమాన్ని ఎరిగిన ఊరికి, కడుపు నిండే స్తోమత ఉన్నప్పుడే నిగ్రహానికి అర్థముందని వేరుగా బోధించనక్కర్లేదు. ఆ తెలివిని ఇంటి గడప దగ్గర ఆపేయకుండా, దేశపు ఖజానా కాపలాదారుల నుంచి కూడా దానినే ఆశించి, వారు దానిని పాటించినప్పుడు నిందకు బదులు మద్దతు ఇవ్వగలిగితే, తరువాతి సంక్షోభంలో వారు పలికే ధైర్యవచనాన్ని నమ్మడానికి ప్రజలకు న్యాయమైన కారణం ఉంటుంది.